రెండు కొలతల నడుమ



ఎవరి పేరు మీద ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏర్పాటు చేశారో ఆ డ్రిల్లు మాస్టారు మీలో చాలామందికి స్వయంగా గురువు. ఆయన మంచితనం గురించి నాకన్నా మీరే బాగా చెప్పగలరు. నేను ఆయన పని గురించి, అందులోనూ ఒక్క భాగం గురించి మాట్లాడతాను. ఆయన రాసి ఉంచిన రిజిస్టర్లు కుటుంబం వారు నాకు చూపించారు. నీలి అట్ట వేసిన పొడుగు పుస్తకాలు. ఎడమ పక్క పిల్లవాడి పేరు, ఎత్తు, బరువు. కుడి పక్క 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్. అన్నిటికన్నా పైన తేదీ. వేసవి సెలవులయ్యాక ఒకసారి, జనవరి చలి సెలవులయ్యాక ఒకసారి రాశారు. ఆరో తరగతిలో మొదలైన పేరు పన్నెండో తరగతి దాకా పేజీ తర్వాత పేజీ వస్తూనే ఉంటుంది. బక్క, లావు అన్న మాటలు ఎక్కడా లేవు. ఎవరు ఫస్టు, ఎవరు లాస్టు అన్న లెక్కా లేదు.

శరీర కొలతలకూ దేహదారుఢ్యానికీ ఉన్న సంబంధం మీద ఈ ఢిల్లీ నగరంలో చాలా పని జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర విభాగం 1947 నుంచీ ఉంది. మనిషిని టేపుతో, తూకంతో కొలిచి అర్థం చేసుకోవడం ఆ శాస్త్రానికి మొదటి పాఠం. వికాస్‌పురిలోని ఇందిరాగాంధీ వ్యాయామ విద్యా సంస్థలో వ్యాయామ ఉపాధ్యాయులకు నేర్పే పాఠాల్లోనూ అది ఉంది. ఇన్నేళ్ళుగా ఆ పరిశోధనలు చదువుతూ, బడుల్లో పిల్లల్ని కొలుస్తూ నేను గ్రహించింది ఒక్కటే. ఎదిగే వయసులో ఒక్కసారి తీసిన కొలత చెప్పేది చాలా తక్కువ. ఆ కొలతకూ దాని తర్వాతి కొలతకూ నడుమ ఏం జరిగిందో చూడాలి. మాస్టారు చూసింది అదే. మన రిపోర్టు కార్డుల్లో మాత్రం దానికి ఇంకా చోటు లేదు.

కొలతా దమ్మూ ఒకే మైదానంలో కలిసే చోటు మన తెలుగు ఇళ్ళన్నిటికీ తెలుసు. అది పోలీసు సెలక్షన్. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్ళకు 167.6 సెంటీమీటర్ల ఎత్తు, 86.3 సెంటీమీటర్ల ఛాతీ అడుగుతారు. గాలి పీల్చినప్పుడు ఆ ఛాతీ 5 సెంటీమీటర్లు విప్పారాలి. ఢిల్లీ పోలీసుల్లో ఎత్తు 170, ఛాతీ 81, పీల్చినప్పుడు 85. అక్కడ కొలతలతో పాటు కుర్రవాళ్ళు 1600 మీటర్లు 6 నిమిషాల్లో పరుగెత్తాలి. ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నారని గమనించండి. టేపు ఒకటి అడుగుతుంది, స్టాప్‌వాచ్ ఇంకొకటి అడుగుతుంది. ఛాతీ నెగ్గి పరుగులో ఓడినవాళ్ళున్నారు, గాలిలా పరుగెత్తగలిగి అర సెంటీమీటరు ఎత్తు తక్కువై వెనక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అక్కడికి వచ్చేది ఎముక ముదిరిన పెద్దవాళ్ళు. వాళ్ళ ఎత్తు ఇక మారదు కనుక ఒక్కసారి కొలిస్తే సరిపోతుంది. అదే పద్ధతిని పదమూడేళ్ళ పిల్లల మీదికి తెచ్చామంటే అన్యాయం మొదలైనట్టే.

ఎనిమిదో తరగతి పిల్లల్ని ప్రార్థన వరుసలో చూడండి. ఒకడికి మీసం నూగు వచ్చింది, వాడి పక్కవాడు ఇంకా పాలబుగ్గలవాడు. ఇద్దరూ ఒకే నెలలో పుట్టి ఉండవచ్చు. బ్రిటన్‌కు చెందిన జేమ్స్ టానర్ 1955లో యౌవనారంభపు ఎదుగుదల మీద రాసిన పుస్తకం తర్వాత, పిల్లల వయసును క్యాలెండరుతో ఒకటి, దేహపు పరిణతితో ఒకటి, రెండు రకాలుగా చూడాలన్న ఆలోచన స్థిరపడింది. అమ్మాయిలు ఎక్కువ వేగంగా పొడవయ్యేది సగటున పన్నెండేళ్ళ ప్రాంతంలో, అబ్బాయిలు పద్నాలుగు ప్రాంతంలో. ఆ ఒక్క సంవత్సరంలో అబ్బాయి తొమ్మిది, పది సెంటీమీటర్లు పెరగవచ్చు. అయితే ఇది సగటు మాత్రమే. ఒకడికి పన్నెండుకే వస్తుంది, ఇంకొకడికి పదహారు దాకా రాదు. ఇద్దరూ ఆరోగ్యవంతులే.

ఎదుగుదలకు ఒక వరుస కూడా ఉంది. ముందు పాదాలు, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత మొండెం. చెప్పులు ఇంత తొందరగా ఎలా పొట్టివవుతున్నాయని అమ్మలు విసుక్కునే నెలలు ఎత్తు ఎగబాకడానికి ముందు నెలలు. ఎత్తు పెరిగాక కొన్ని నెలలకు బరువు, దాదాపు ఏడాదికి కండబలం వచ్చి చేరతాయి. అంటే ఎముక ముందు పోతుంది, కండ వెనక వస్తుంది. ఈ ఎడంలో ఉన్న పిల్లవాడు పొడుగ్గా, సన్నగా, చేతులు కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉంటాడు. కూర్చుని కాలివేళ్ళు అందుకోమంటే అందవు. కాళ్ళు పొడవయ్యాయి, మొండెం ఇంకా అందుకోలేదు మరి. మోకాలి కింద ఎముక బొడిపె దగ్గర నొప్పి అంటాడు. అక్కడ తొడ కండర స్నాయువు ఇంకా గట్టిపడని ఎముకను లాగుతుంటుంది. ఆ నొప్పిని బద్ధకం కింద జమకట్టి మైదానం చుట్టూ ఇంకో రౌండు తిప్పే బడులను నేను చూశాను. ఆ నెలల్లో దూకడం, గంతులు తగ్గించి ఆడిస్తే చాలామందికి అదే సర్దుకుంటుంది.

సెలక్షన్లలో ఏం జరుగుతుందో ఇప్పుడు ఊహించండి. అండర్-14 జట్టుకు ముందుగా ఎదిగినవాడు ఎంపికవుతాడు. వాడు విసిరితే బంతి దూరం వెళుతుంది, తోస్తే ఎదుటివాడు పడతాడు. మంచి కోచింగు, మంచి మైదానం, పాలు, గుడ్లు వాడికి దక్కుతాయి. ఆలస్యంగా ఎదిగేవాడు ఇంటికి వెళ్ళిపోయి, తనకు ఆటలు రావని నమ్మేస్తాడు. రెండేళ్ళ తర్వాత వాడూ అంత ఎత్తు అవుతాడు, అప్పటికి బూట్లు అటక మీద ఉంటాయి. క్రికెట్ బోర్డు అండర్-16 పిల్లలకు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి, టానర్ పేరుతోనే ఉన్న పద్ధతిలో ఎముక వయసు లెక్కకడుతుంది. 2017లో మన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మ్యాచ్‌లు జరిగిన అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్ లాంటి పోటీలకు ఎంఆర్ఐతో మణికట్టు చూస్తారు. ఇవన్నీ వయసు దాచేవాళ్ళను పట్టుకోవడానికి. అదే జ్ఞానాన్ని ఆలస్యంగా ఎదిగే పిల్లవాడిని కాపాడుకోవడానికి వాడాలన్నది నా కోరిక. దానికి ఎక్స్‌రే అక్కర్లేదు. ఎత్తు, కూర్చున్నప్పటి ఎత్తు, బరువు, పుట్టినతేదీ ఉంటే ఎదుగుదల శిఖరానికి పిల్లవాడు ఎంత దూరంలో ఉన్నాడో ఇంచుమించుగా చెప్పే సూత్రం 2002 నుంచీ ఉంది. అంతకన్నా తేలికైనది ఆరు నెలలకోసారి ఎత్తు రాసి పెట్టుకోవడం. ఆరు నెలల్లో రెండు సెంటీమీటర్లు పెరిగినవాడు ఒక దశలో ఉన్నాడు, అయిదు పెరిగినవాడు ఇంకో దశలో ఉన్నాడు. ఆ ఇద్దరి పరుగునూ పోల్చకూడదు.

పరిమాణం గురించి ఒక చిన్న లెక్క చెప్పాలి. పిల్లవాడు 140 సెంటీమీటర్ల నుంచి 160కి, అదే ఆకారంలో, పెరిగాడనుకోండి. ఎత్తు 14 శాతం పెరిగింది. బలం కండ అడ్డుకోతను బట్టి ఉంటుంది, అది ఎత్తు వర్గంతో పెరుగుతుంది కనుక 31 శాతం హెచ్చుతుంది. బరువు ఎత్తు ఘనంతో, అంటే 49 శాతం పెరుగుతుంది. బలం హెచ్చింది కానీ మోయాల్సిన సొంత బరువు అంతకన్నా ఎక్కువ హెచ్చింది. అందుకే గుండు విసరడంలో, చేతి పట్టులో పెద్ద దేహం గెలుస్తుంది. పుష్-అప్స్‌లో, తాడు ఎక్కడంలో చిన్నవాడు ముందుంటాడు. అబ్బాయిల్లో యౌవన హార్మోన్లు కండను ఇంకా పెంచి ఈ లెక్కను కొంత సరిదిద్దుతాయి. అయినా మూలం ఇదే. 2019 ఆగస్టు 29న ఇక్కడి ఇందిరాగాంధీ స్టేడియంలో ప్రారంభమైన ఫిట్ ఇండియా కార్యక్రమం కింద బడుల్లో ఎత్తు బరువులతో పాటు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగడం, పొట్ట కండరాల పరీక్ష, పుష్-అప్స్ పెడుతున్నారు. మంచి పరీక్షలే. అయితే ఇందులో ప్రతి ఒక్కటీ ఒక్కో రకం దేహానికి అనుకూలం. అన్నీ కూడి ఒక మార్కు వేస్తే అందులో పిల్లవాడు కనిపించడు.

ఇప్పుడు బీఎంఐ. బరువును ఎత్తు వర్గంతో భాగించే ఈ లెక్క వైద్యుల దగ్గర పుట్టలేదు. బెల్జియం ఖగోళ, గణాంక శాస్త్రవేత్త అడోల్ఫ్ కెట్లే 1830లలో జనసమూహాల సగటు కోసం దీన్ని కట్టాడు. 1972లో అమెరికాకు చెందిన ఆన్సెల్ కీస్ దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. వేలమంది మీద ఇది బాగా పనిచేస్తుంది. ఒక్క పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ బరువు కండదా కొవ్వుదా చెప్పలేదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో పక్కపక్కనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్ దేహంలో 9.1 శాతం, యాజ్ఞిక్ దేహంలో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకునే దేహం మనది. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015 చార్టుల్లో అధిక బరువు గీతను పెద్దల 25కు బదులు 23కు, ఊబకాయం గీతను 30కి బదులు 27కు సరిపోయేలా దించింది అందుకే. బడిలో ఒక్క కొలత అదనంగా తీయగలిగితే నడుము తీయండి. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదు. నూటయాభై సెంటీమీటర్ల పిల్లకు డెబ్బయ్యైదు. చార్టు అక్కర్లేదు, టేపు ఉంటే చాలు.

ఇక్కడ ఈ నగరంలోనే జరిగిన ఒక గొప్ప పని గురించి తీరిగ్గా చెప్పాలనుంది. 1969 డిసెంబరులో డాక్టర్ సంతోష్ భార్గవ, ఆయన సహచరులు దక్షిణ ఢిల్లీలో 12 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ఇల్లిల్లూ తిరిగి నమోదు చేశారు. 1972 దాకా అక్కడ పుట్టిన ఎనిమిది వేల పైచిలుకు శిశువుల్ని పుట్టగానే తూచి, ఎత్తు కొలిచి, మొదటి ఏడాది తరచుగా, ఆపైన ఆరు నెలలకోసారి వెంటపడి కొలుస్తూ పోయారు. ఢిల్లీలో ఇళ్ళు మారేవాళ్ళు ఎంతమందో, బదిలీల ఉద్యోగాలు ఎన్నో మీకు తెలుసు. అందులో ఎందరో జారిపోయారు. అయినా ఆ పిల్లలు ఇరవయ్యారు నుంచి ముప్ఫై రెండేళ్ళ వయసులో ఉండగా 1492 మందిని మళ్ళీ పట్టుకుని రక్తంలో చక్కెర చూశారు. హర్షపాల్ సచ్‌దేవ్, ఇంగ్లండు నుంచి కారొలైన్ ఫాల్, డేవిడ్ బార్కర్, మన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి తదితరులు కలిసి 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఆ ఫలితాలు ప్రచురించారు.

4.4 శాతం మందికి మధుమేహం, 10.8 శాతం మందికి దాని ముందరి దశ కనిపించాయి. వయసు ముప్ఫై ప్రాంతం, గుర్తుంచుకోండి. వీళ్ళ చిన్ననాటి కొలతలు తిరగేస్తే, రెండేళ్ళ లోపు వీళ్ళు సన్నటి పిల్లలు. సాధారణంగా పసితనం దాటాక పిల్లల బీఎంఐ తగ్గి, అయిదారేళ్ళకు మళ్ళీ ఎక్కడం మొదలుపెడుతుంది. వీళ్ళలో ఆ ఎక్కడం ముందే మొదలై, రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ నడుమ తోటి పిల్లలను దాటుకుంటూ పైకి పోయింది. అయితే పన్నెండేళ్ళప్పుడు వాళ్ళలో ఒక్కరు కూడా ఊబకాయులు కారు. నేను ఈ వాక్యం చదివినప్పుడల్లా ఆగిపోతాను. పన్నెండేళ్ళకు బడిలో తూచి, చార్టులో చూసి, "నార్మల్" అని రాసి పంపించే పిల్లలు వీళ్ళు. ఏ ఒక్క కొలతలోనూ ప్రమాదం కనిపించలేదు. వరుసగా పెట్టి గీత గీస్తేనే కనిపించింది. పిల్లవాడు బొద్దుగా అవుతున్నాడని సంతోషించి మనం దిష్టి తీసిన సంవత్సరాలే అవి.

ఇక రెండో కొస, బరువు చాలని పిల్లలు. 2016 నుంచి 2018 దాకా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పది నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లల్లో 24 శాతం మంది ఉండాల్సినదానికన్నా సన్నగా ఉన్నారు, 5 శాతం మంది అధిక బరువు. ఢిల్లీలో ఈ రెండు గుంపులూ ఒకే రోడ్డుకు అటూ ఇటూ ఉన్న బడుల్లో కనిపిస్తాయి, ఒక్కోసారి ఒకే తరగతిలో కనిపిస్తాయి. సన్నటివాడు తేలిక కనుక బాగా పరుగెత్తాలి కదా అంటారు. కొంతవరకే నిజం. కొలతనూ దేహబలాన్నీ పక్కపక్కన గీస్తే వచ్చే గీత నడుమ ఎత్తుగా, రెండు చివర్లా వాలి ఉంటుంది. మరీ సన్నటివాడికి విసరడానికి, ఎత్తడానికి కండ లేదు. మరీ లావుపాటివాడికి పరుగులో, గెంతులో బరువు అడ్డం.

సన్నటి దేహం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో కె. సత్యనారాయణ, ఎ. నాడముని నాయుడు, బి.ఎస్. నరసింగరావు గార్లు చేసిన పనిని మన తెలుగువాళ్ళే మరిచిపోయారు. అయిదేళ్ళప్పుడు ఎలా ఉన్నారో నమోదై ఉన్న పల్లెటూరి పిల్లలను పద్నాలుగు నుంచి పదిహేడేళ్ళ వయసులో మళ్ళీ వెతికి పట్టుకుని, ఎంత శ్రమ చేయగలరో కొలిచి 1979లో ప్రచురించారు. గుండె నిమిషానికి 170 సార్లు కొట్టుకునే దాకా పని పెంచుతూ పోయి చూసే పరీక్ష అది. చిన్నప్పుడు తిండి చాలనివాళ్ళ దేహం చిన్నదిగా మిగిలింది, దానితో పాటు శ్రమశక్తీ తగ్గింది. బరువు ఒక్కటే కాక, ఆ పిల్లవాడు రోజూ ఎంత ఒళ్ళు వంచి పనిచేస్తున్నాడన్నది కూడా ఆ శక్తిని నిర్ణయించింది. దేహం చిన్నదైనా వాడుక ఉన్నచోట కొంత నిలబడింది. ఢిల్లీ జట్టు, హైదరాబాదు జట్టు చేసింది ఒకటే. పాత కొలత దాచిపెట్టుకుని మళ్ళీ వెళ్ళి కొలిచారు.

తిండి సంగతి వచ్చింది కనుక అంటాను. బడి మధ్యాహ్న భోజనం కేంద్ర పథకం కింద ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. అబ్బాయికి ఎదుగుదల శిఖరం వచ్చే వయసు సరిగ్గా అదే. ఎముకకూ కండకూ ఎక్కువ తిండి కావాల్సిన ఏడాదే పళ్ళెం తీసేస్తున్నాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు సొంత ఖర్చుతో కనీసం పదో తరగతి దాకా పెడుతున్నాయి. రాజధానిలో కూర్చుని దేశానికి పథకాలు రాసేవాళ్ళు మన రెండు రాష్ట్రాల నుంచి నేర్చుకోవాల్సిన విషయం ఇది.

లావుపాటి పిల్లవాడి గురించి కూడా ఒక అపోహ పోవాలి. వాడు 600 మీటర్లు పరుగెత్తలేక ఆయాసపడితే గుండె, ఊపిరితిత్తులు బలహీనం అనుకుంటాం. ఊబకాయం ఉన్న పిల్లలు మొత్తంగా వాడుకోగల ప్రాణవాయువు సాధారణంగా తోటివాళ్ళకు తీసిపోదు. దాన్ని దేహపు బరువుతో భాగించినప్పుడే తక్కువవుతుంది. సన్నటి పిల్లవాడి నెత్తిన ఇరవై కిలోల బియ్యం బస్తా పెట్టి పరుగెత్తించి చూడండి, తెలుస్తుంది. అందుకని వీళ్ళను మొదట ఈతకు, సైకిలుకు, గుండు విసరడానికి, కబడ్డీలో పట్టుకునే పనికి పెట్టాలి. తనకు వచ్చిన పని ఒకటి ఉందని తెలిసిన పిల్ల మర్నాడు కూడా మైదానానికి వస్తుంది. పరుగులో చివరిగా వచ్చి అందరి చప్పట్లకు సిగ్గుపడ్డ పిల్ల రాదు.

ఇక కొలిచే తీరు గురించి. చెప్పులు విప్పించాలి, మడమలు గోడకు ఆనాలి, చూపు సూటిగా ఉండాలి. అమ్మాయి తలపై క్లిప్పు తీయించాలి, జడ పక్కకు వేయించాలి. ఢిల్లీ బడుల్లో సిక్కు అబ్బాయిలు పట్కా కింద జుట్టు ముడి వేసుకుంటారు. పలకను ఆ ముడి మీద ఆనించి రాసేస్తే నాలుగైదు సెంటీమీటర్లు అదనం. ముడిని కొంచెం జరుపుకోమని ఆ అబ్బాయినే మర్యాదగా అడిగి, పలక నెత్తికి తగిలాక రాయాలి. పొద్దున్న ఎత్తుకూ సాయంత్రం ఎత్తుకూ ఒక సెంటీమీటరు దాకా తేడా ఉంటుంది కనుక పోయినసారి కొలిచిన వేళకే మళ్ళీ కొలవాలి. 45 కిలోల పిల్లవాడి ఎత్తు 150కి బదులు 152 అని రాస్తే బీఎంఐ 20 నుంచి 19.5కు పడిపోతుంది. నడుము కొలవాలంటే చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు పెట్టి, మామూలుగా గాలి వదిలాక చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, అంకె పైకి చదవకూడదు. ఒక బడిలో టీచరు తూకం మీది అంకెను గట్టిగా చదువుతుంటే వెనక వరుసలో ఓ అమ్మాయి బాత్రూముకని వెళ్ళి మళ్ళీ రాకపోవడం నేను చూశాను. ఆ పిల్ల పేరు పక్కన గడి ఖాళీగా మిగిలింది.

బరువు అంకెకు పిల్లలు ఎంత భయపడాలో పెద్దల ఆటల నుంచి కూడా నేర్చుకుంటున్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల విభాగం ఫైనల్ రోజున 100 గ్రాములు ఎక్కువున్నందుకు వినేశ్ ఫోగట్ పోటీకి అనర్హురాలైంది. విభాగం కోసం బరువు దించుకోవడం పెద్దవాళ్ళు తెలిసి చేసే త్యాగం. ఈ చుట్టుపక్కల అఖాడాల్లో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు నీళ్ళు మానేసి, స్వెట్టర్లు తొడుక్కుని పరుగెత్తి బరువు దించడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఎముక ఎదిగే ఏడాదిలో ఆకలితో ఉంచిన దేహం ఆ నష్టాన్ని ఎప్పుడు తీర్చుకుంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మన శ్రీకాకుళం ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో ప్రపంచ ఛాంపియన్ అయింది 54 కిలోల విభాగంలో. 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది 69 కిలోల విభాగంలో. దేహం మారింది, ఆట దానితో పాటు మారింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి ఆమే మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇక్కడ సెలక్షన్లకు వచ్చే పిల్లల ముందు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

ఢిల్లీ గాలి మాట ఎత్తకుండా ఢిల్లీ పిల్లల దమ్ము గురించి మాట్లాడలేం. కోల్‌కతాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోసం ఇక్కడి బడి పిల్లలను పరీక్షించి, 43.5 శాతం మందిలో ఊపిరితిత్తుల పనితీరు తగ్గిందని తేల్చింది. పోలికకు తీసుకున్న బెంగాల్ పల్లెల పిల్లల్లో అది 25.7 శాతం. ఆ నివేదిక వచ్చి చాలా ఏళ్ళయింది. ఊపిరితిత్తులు ఎదిగే వయసు కూడా ఇదే. ఛాతీ టేపుకు ఈ నష్టం కనిపించదు. దీపావళి నుంచి జనవరి దాకా గాలి చెడిన రోజుల్లో బయటి ఆటలు ఆపేస్తారు, అది సరైనదే. కానీ ఆటలే ఆగిపోకూడదు. 20 మీటర్ల హాలు ఉంటే కెనడాకు చెందిన లూక్ లెజే 1982లో రూపొందించిన షటిల్ పరుగు పెట్టవచ్చు. ప్రతి బీప్‌కూ అటూ ఇటూ తిరుగుతూ, అంచెలంచెలుగా వేగం పెరిగే పరుగు. మాస్టారి రిజిస్టరులో జనవరి సమయాలు జూలై సమయాలకన్నా మందంగా ఉన్న పేజీలు చాలా ఉన్నాయి. చలి వల్లా, పొగ వల్లా, రెండు నెలలు కదలకపోవడం వల్లా అన్నది ఆ పేజీల నుంచి విడదీయలేను. మూడూ కలిసే పిల్లవాడి కాళ్ళకు పడ్డాయి.

అమ్మాయిల గురించి చివరికి మిగల్చడం నాకు ఇష్టం లేదు, కానీ వాళ్ళ విషయంలో పైన చెప్పినవన్నీ కలుస్తాయి కనుక ఇక్కడ చెబుతున్నాను. అబ్బాయిలకన్నా రెండేళ్ళు ముందు పెరుగుతారు, ఆ పెరుగుదలలో కొవ్వు చేరడం సహజం, ఆరోగ్యకరం. ఆ సహజమైన మార్పు చూసి కొందరు ఇళ్ళలో అన్నం తగ్గిస్తారు, కొందరు ఆటలు మాన్పిస్తారు. తొమ్మిదో తరగతి అమ్మాయి 600 మీటర్ల సమయం ఏడో తరగతిలోకన్నా పెరిగిందంటే వెంటనే లావెక్కిందంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది, అబ్బాయిల్లో 31.1 శాతం మందికి. రక్తంలో ప్రాణవాయువు మోసే పదార్థమే తక్కువైతే ఏ టేపుకు తెలుస్తుంది? పరుగుకు తెలుస్తుంది. ఎత్తు, బరువు నిలకడగా ఉండి, పరుగు మాత్రం మందగిస్తూ వచ్చిన అమ్మాయిల పేర్ల పక్కన మాస్టారు ఎర్ర సిరాతో "రక్తపరీక్ష" అని రాసుకున్నారు. తర్వాతి పేజీల్లో కొందరి సమయం మళ్ళీ పాత చోటికి వచ్చింది.

ఈ ధర్మనిధి నిర్వాహకులకు నా విన్నపం ఇది. ఢిల్లీలో తెలుగు పిల్లలు చదివే బడులకు జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి వెళ్ళి ఎత్తు, బరువు, నడుము, 600 మీటర్ల పరుగు తీసి రాయడానికి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడికి, ఒక నర్సుకు జీతం ఇవ్వండి. ఆరో తరగతి నుంచి మొదలుపెట్టండి. పరుగు మందగించిన అమ్మాయికి, ఆరు నెలల్లో నడుము నాలుగు సెంటీమీటర్లు పెరిగిన అబ్బాయికి డాక్టరు దగ్గరికి చీటీ ఇవ్వండి. బడి మారి గుర్‌గావ్‌కో నోయిడాకో వెళ్ళిన పిల్లలకు వాళ్ళ పేజీ కాపీ చేసి చేతికివ్వండి, కొత్త బడిలో కొలిచేవాళ్ళకు పాత అంకె అందుతుంది.